జత కాగితం

"ఆ మిషను నీ చెయ్యి లాగేసుకుంటే ఏం చేస్తావే? ముందే చెబుతున్నా, తర్వాత అమ్మ చెప్పలేదనకు."

అప్పటికి ఏమీ జరగలేదు. కూతురు ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదు. గాభరమ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది. గాభరమ్మ అనేది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు కాగితాల్లో ఉంది, పిలిచే నోళ్ళలో లేదు. "మా ఆవిడ ఉరుము వినపడగానే తడిసిపోయి, తువ్వాలు వెతుక్కునే రకం" అని ఆవిడ భర్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

"చెయ్యి లాగేసుకోదమ్మా. అది కాగితం మీద బరువు పెట్టే మిషను, అంతే."

"బరువంటే బరువే కదా. కాగితమో చెయ్యో దానికేం తెలుసు?"

కూతురు నవ్వి, తల్లి చెయ్యి కిందనుంచి వంగి బయటికి జారుకుంది.

కూతురిది అచ్చుపని. లినోలియం అనే మెత్తటి పలక మీద ఉలితో బొమ్మ చెక్కి, రోలరుతో సిరా పూసి, కాగితం మీద నొక్కుతుంది. ఆ కాగితాల్ని తనే మడిచి, తనే కుట్టి పుస్తకం చేస్తుంది. ఏ పుస్తకమైనా ముప్ఫై ప్రతులే. వాటిని చూడ్డానికి జనం వస్తారు, చేతులు కడుక్కుని మరీ తాకుతారు. ఈసారి పుస్తకం ముగ్గులది. శనివారం గ్రంథాలయం హాల్లో ప్రదర్శన. పుస్తకానికి పేరు కూడా ఖాయమైపోయింది, "మా అమ్మ ముగ్గులు" అని.

వేలు తెగుతుందని, సిరా వాసనకి ఊపిరితిత్తులు పాడవుతాయని, షెడ్డు కప్పు కూలుతుందని గాభరమ్మ పైకి చెప్పే భయాలు చాలా ఉన్నాయి. పైకి చెప్పని భయం ఒక్కటే. అది ఆ పుస్తకం పేరులోనే ఉంది. ఎందుకంటే ఆ ముగ్గులు అమ్మవి కావు.

ఇరవయ్యెనిమిదేళ్ళ కిందట గాభరమ్మ కొత్త కోడలు. ఏడో తరగతి దాకా చదువుకుంది. వంట వచ్చు, కుట్టు వచ్చు, ముగ్గు మాత్రం రాదు. చుక్కలు నిలువుగా మొదలుపెడితే వాలిపోయేవి, గీత తిరగాల్సిన చోట వణికేది. తెల్లారగానే అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏమేవ్, మన వాకిట్లో కోళ్ళేమైనా కొట్టుకున్నాయా?" అని వీధంతా వినేలా అడిగేది. అంతటితో ఆగేదా? "అదిగో, మా పెద్దదాన్ని చూసి నేర్చుకో. పుర్రచెయ్యి అయితేనేం, దారం పరిచినట్టు వేస్తుంది."

ఆ పెద్దది గాభరమ్మకి తోడికోడలు. అక్కా అని పిలిచేది. అక్క ఎడంచేత్తో పిండి తీసుకుని, నడుం వంచి, ఎక్కడా ఆగకుండా గీత నడిపిస్తుంటే పాలుపోసేవాడు కూడా సైకిలు ఆపి చూసేవాడు. అక్కకి నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. ఎవరి దగ్గరా చూసి రాసుకున్నవి కావు, అన్నీ తనే కల్పించిన ముగ్గులు. సిరాపెన్నుతో పేజీకొకటి వేసి పెట్టుకుంది.

ఒకరోజు అక్క బట్టలు ఆరెయ్యడానికి డాబా ఎక్కినప్పుడు గాభరమ్మ ఆ నోటుబుక్కు తీసింది. ఒక్క ముగ్గు చూసి రాసుకుని మధ్యాహ్నానికల్లా ఉన్నచోట పెట్టెయ్యాలనే తీసింది. మధ్యాహ్నానికి చుట్టాలు దిగారు. సాయంత్రానికి అక్క వెతకడం మొదలుపెట్టింది. పొద్దున పాత కాగితాలవాడికి పేపర్ల కట్ట వేసింది అక్కే. "అందులోనే పోయుంటుంది. చెయ్యే పుర్రదనుకున్నాను, తలకాయా తిరకాసే" అని అత్తగారు తీర్పు చెప్పేసింది.

"ఇదిగో, నా దగ్గరుంది" అనడానికి ఎంతసేపు? గాభరమ్మ నోరు పెగల్లేదు. పెగలకపోతే పోనీ, ఊరుకున్నా సరిపోయేది. తనూ వెతికింది. మంచాల కింద దూరింది. బియ్యం డబ్బా జరిపి చూసింది. అందరూ అలిసి కూర్చున్నాక కూడా వెతికింది, నోటుబుక్కు తన ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉండగా. అక్క కళ్ళు తుడుచుకుని, "పోనీలేవే. ఈ ఇంట్లో నాతో పాటు వెతికినదానివి నువ్వొక్కదానివే" అంది.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేది. ఆ మాట మాత్రం ఇన్నేళ్ళుగా అరగలేదు.

ఆ వారంలోనే నోటుబుక్కు మొదటి కాగితం చింపింది. దానిమీద అక్క పేరుంది. చింపి పొయ్యిలో వేసింది. వెనకవైపు ఏముందో కూడా తిప్పి చూడలేదు. ఏడాది తిరక్కుండా భర్తకి వేరే చోట ఉద్యోగమైంది, కాపురం వేరైంది. కొత్త ఇంటి గుమ్మం ముందు ఆ ముగ్గులు వెయ్యడం మొదలుపెట్టింది. చెరుపుకుంటూ, దిద్దుకుంటూ, నాలుగైదేళ్ళకి చెయ్యి కుదిరింది. వీధిలో ముగ్గులావిడ అయింది. కూతురు ఆ గుమ్మంలోనే గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తూ పెరిగింది. పెరిగి, అచ్చుపని నేర్చుకుంది. ఆ నోటుబుక్కు అమ్మదే అనుకుని, ఈ పుస్తకం కోసం అడిగి తీసుకుంది.

అక్క మాత్రం ఆ తర్వాత మళ్ళీ ముగ్గు పిండి ముట్టలేదని గాభరమ్మకి తెలుసు. తెలుసు కాబట్టే, రెండేళ్ళ కిందట అక్క ఇదే ఊరికి వచ్చి అవతలి చివర కుట్టుమిషను పెట్టుకున్నా, తను ఆ గుమ్మం తొక్కింది రెండుసార్లే. అదీ భర్త వెంట.

సోమవారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కూతురు పనిచేసే షెడ్డుకి వెళ్ళింది. ఆ షెడ్డూ, అందులోని ఇనుప ప్రెస్సులూ, చెక్క అరల్లో సీసపు అక్షరాలూ అన్నీ ఒక ముసలాయనవి. అందరూ మాస్టారు అంటారు. గాభరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి పెద్ద ప్రెస్సు వైపు అనుమానంగా చూస్తుంటే ఆయన పిలిచాడు.

"రామ్మా, భయం లేదు. ఇది మనుషుల్ని తినదు. నలభై ఏళ్ళుగా నన్నే రుచి చూడలేదు, నీ పిల్లనేం చూస్తుంది?"

"అలా అనకండి మాస్టారూ, అనగానే జరుగుతుంది."

"అయితే వెయ్యి రూపాయలు దొరుకుతాయని అంటాను. చూద్దాం."

కూతురు సిరా చేతులు గుడ్డకి తుడుచుకుని, బల్ల మీద మడతల పుస్తకం నమూనా విప్పింది. తలుపు రెక్కల్లా అటూ ఇటూ తెరుచుకుంది. ప్రతి పేజీలోనూ చుక్కలే ఉన్నాయి. వాటి మీద ఉల్లిపొరలాంటి పల్చటి కాగితం, దాని మీద గీత. పల్చటి కాగితం వాల్చగానే గీత వచ్చి చుక్కల చుట్టూ కూర్చుంది. ఎత్తితే మళ్ళీ చుక్కలే.

"ముందు చుక్కలు, తర్వాత గీత. నువ్వు వేసే వరసే కదమ్మా. చదివేవాళ్ళు పేజీ తిప్పితే వాళ్ళే ముగ్గు వేసినట్టు."

గాభరమ్మ కళ్ళు నిండాయి. ఎంత బాగుందో అనిపించింది, ఆ వెంటనే ఇది నాది కాదు అనిపించింది. రెండూ ఒకదాని మీద ఒకటి, అచ్చం ఆ కాగితాల్లాగే.

"అమ్మా, ఒకటి అడగనా?" కూతురు నోటుబుక్కు దగ్గరికి లాగింది. "చెక్కేటప్పుడు ఒక్కో గీతా భూతద్దం పెట్టి చూశాను. ఈ చుక్కలకి తోకలున్నాయి చూడు. అన్నీ కుడివైపుకే. తడి సిరా మీద చెయ్యి రాసుకుపోతే ఇలా అవుతుంది. ఎడమనించి కుడికి పెట్టుకుంటూ పోతే కుడిచెయ్యి రాసుకోదు కదా. నువ్వేమైనా ఎడంచేత్తో పెట్టావా?"

గుమ్మడికాయల దొంగ అనకముందే గాభరమ్మ భుజాలు తడుముకుంది. "ఆ... ఆ పెన్నే అంత. కక్కేది."

"సరేలే. ఇంకోటి. ఈ కాగితం ఊడి వస్తోంది." నోటుబుక్కు చివరినుంచి ఒక ముగ్గు కాగితాన్ని పైకి లాగితే, విడిగా చేతిలోకి వచ్చింది. "దీన్నెవరూ చింపలేదు, పాపం. కుట్టుపుస్తకంలో ఏ కాగితమూ ఒంటరిది కాదమ్మా. ఒకే కాగితాన్ని మధ్యకి మడిచి కుడతారు. ముందు సగం ఇక్కడుంటే వెనక సగం అక్కడుంటుంది. ముందుది చింపితే దాని జత నిలవదు, ఊడిపోతుంది. అంటే మొదటి కాగితాన్ని ఎవరో చింపారు. అందులో కూడా ముగ్గుండేదా? ఎవరు చింపారు?"

గాభరమ్మ గబగబా ఆలోచించింది. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. అత్తగారు పోయింది, పోయినవాళ్ళ మీద చెబితే పాపం. భర్త మీద చెబితే రాత్రికే అడుగుతుంది. ఎదురుగా కూతురు నిలబడి ఉంది.

"నువ్వే," అంది. "నువ్వే చింపావు. మూడేళ్ళుంటాయేమో నీకు."

"నేనా?"

"పిల్లలు కదా... చింపుతారు."

"కొట్టావా?"

"లేదు."

కూతురు ఆ కాగితాన్ని జాగ్రత్తగా నోటుబుక్కులో పెట్టింది. తర్వాత వచ్చి, సిరా అంటకుండా మోచేతులతో తల్లి మెడ చుట్టేసింది. "ఎంత మంచిదానివమ్మా నువ్వు. వేరే ఎవరైనా అయితే చీపురు విరగ్గొట్టేవాళ్ళు."

గాభరమ్మ ఖాళీ క్యారేజీ తీసుకోకుండానే ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా ఏ లారీ కిందైనా పడతానేమో అనుకుంది. రోజూ అనుకునేదే. అయితే ఎప్పుడూ భయంతో అనుకునేది, ఆ రోజు అలా కాదు.

బుధవారం కూతురే రమ్మంది, ముందుమాట వినిపించడానికి. దాన్ని సీసపు అక్షరాలతో కూర్చమని మాస్టారుని అడిగింది. ఆయన అరలో ఒత్తులు తక్కువ. ఏ మాటకి ఏ ఒత్తు చాలదో చూసుకుని మాటలు మార్చుకోవాలి. అందుకే ముందుమాట నాలుగు వాక్యాలే.

కూతురు గొంతు సవరించుకుని చదివింది. "మా అమ్మ ముగ్గుల పుస్తకంలో మొదటి కాగితాన్ని చిన్నప్పుడు నేను చింపేశాను. అమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆ కాగితంలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. పోయిన ఆ ముగ్గుకి క్షమాపణగా ఈ పుస్తకం."

"ఇంకో క్షమాపణ కూడా చెబుదామంది మీ అమ్మాయి," అన్నాడు మాస్టారు. "కుదరదన్నాను. నా దగ్గర 'క్ష' అక్షరం ఒక్కటే మిగిలింది. పేజీకి ఒక్క క్షమాపణే."

ఆయన నవ్వాడు. కూతురు నవ్వలేదు. పుస్తకం మొదటి పేజీ తెచ్చి తల్లి ముందు పెట్టింది. తెల్ల కాగితం. గాభరమ్మకి అందులో ఏమీ కనపడలేదు.

"కళ్ళతో కాదమ్మా, తడిమి చూడు. తడి కాగితం మీద సిరా లేకుండా నొక్కాను."

వేళ్ళ కింద చుక్కలు తగిలాయి. వరసలు వరసలుగా చుక్కలు. వాటి చుట్టూ గీత లేదు.

"గీత ఎలా ఉండేదో నాకు తెలీదు కదా," అంది కూతురు. "చింపినదాన్ని నేనే అయినా. రెండు రోజులుగా ఎంత గుర్తు చేసుకున్నా రావట్లేదు." ఆగి, "బాగుందా?" అని అడిగింది.

"బాగుంది," అంది గాభరమ్మ.

ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదనిపించింది ఆవిడకి. పాతికేళ్ళ పిల్ల, తను చెయ్యని తప్పుకి ముప్ఫై ప్రతుల్లో క్షమాపణ అచ్చు వేయిస్తోంది. దాన్ని జనం చేతులు కడుక్కుని వచ్చి తాకుతారు.

గురువారం పొద్దున అక్క ఫోను చేసింది.

"ఏమే గాభరా, బతికే ఉన్నావా? నీ కూతురు నిన్న ఫోను చేసి పిలిచింది, 'పెద్దమ్మా, ముగ్గుల పుస్తకం చేశాను, శనివారం రావాలి' అని. నువ్వు చెప్పవేం?"

"అంత దూరం... బస్సుల్లో... నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు నీకెందుకే? బస్సు మోస్తుంది కదా నన్ను." అక్క నవ్వింది. కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? వినగానే కుళ్ళొచ్చింది. నా పుస్తకం నా చేత్తోనే చెత్తలో వేసుకున్నదాన్ని కదా, ఆ రోజునించి గుమ్మం ముందు వంగాలంటే సిగ్గేసేది. చేతులారా పోగొట్టుకున్నదానికి మళ్ళీ ముగ్గెందుకు అనిపించేది. తర్వాత అనుకున్నా, పోనీలే, చెల్లెలైనా నిలబెట్టింది అని. వస్తా. ముందు వరసలో కూర్చుంటా."

ఫోను పెట్టేశాక గాభరమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టింది. ఒక పుస్తకం తీసుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇన్నేళ్ళ సిగ్గు కూడా అక్క నెత్తిన పెట్టానని ఇప్పుడు తెలిసింది. తను మోయాల్సినదాన్ని ఆవిడ మోసింది. ఇప్పుడు మిగతాది కూతురు మోస్తోంది.

పొయ్యి మీద గిన్నె అలాగే వదిలి, మళ్ళీ వెనక్కొచ్చి ఆర్పి, తాళం వేసి, వేశానో లేదో రెండుసార్లు లాగి చూసి, షెడ్డుకి నడిచింది. ఆ రోజు చేతిలో క్యారేజీ లేదు. అది చూసి మాస్టారు, "నేను టీ తాగొస్తానమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు.

"అది నువ్వు చింపలేదు," అంది గాభరమ్మ.

కూతురు రోలరు మీద సిరా తుడుస్తోంది. "ఏది?"

"మొదటి కాగితం. నేనే చింపాను. నువ్వు పుట్టకముందు. దానిమీద మీ పెద్దమ్మ పేరుంది."

ఆ తర్వాత ఆగలేదు. తీయడం, మధ్యాహ్నం చుట్టాలు రావడం, మంచాల కింద వెతకడం, పొయ్యిలో వెయ్యడం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. రోలరు ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా కూతురు తుడుస్తూనే ఉంది.

"తోకలు పెన్ను కక్కితే రాలేదు," అంది చివరికి. "పెద్దమ్మది పుర్రచెయ్యి."

"ఆఁ."

"నేను మూడు రోజులుగా ఆ మూడేళ్ళ పిల్లని తిట్టుకుంటున్నానమ్మా. ఎంత పాడు పిల్లో, అమ్మ పుస్తకం చింపింది, కనీసం గుర్తయినా పెట్టుకోలేదు అని. ఇంకెవరూ దొరకలేదా నీకు?"

ఎదురుగా ఉన్నావు కాబట్టి అన్నాను అని ఏ తల్లి చెబుతుంది?

"ముందుమాట తీసేద్దాం," అంది గాభరమ్మ. "మీ పెద్దమ్మ పేరు వేసెయ్యి. ముగ్గులన్నీ ఆవిడవే అని వేసెయ్యి. ఆవిడ శనివారం వచ్చి చూసుకుంటుంది. సంతోషిస్తుంది."

"అడక్కుండా తీసుకున్నావు. ఇప్పుడు అడక్కుండానే ఇచ్చేస్తావా?" కూతురు మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది. "రేపు వెళ్దాం. నేనూ వస్తా. పక్కన కూర్చుంటా. నీ బదులు ఒక్క మాట కూడా మాట్లాడను."

శుక్రవారం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కూతురి ఒళ్ళో అట్టల మధ్య కట్టిన అచ్చుకాగితాలు ఉన్నాయి. తల్లి ఒళ్ళో నోటుబుక్కు ఉంది. జన్మంతా బస్సెక్కితే టైరు పేలుతుందని, బ్రేకు ఫెయిలవుతుందని, డ్రైవరు నిద్రపోతాడని భయపడ్డ మనిషి, ఆ రోజు వాటిలో ఏదో ఒకటి జరగాలని కోరుకుంది. కనీసం దారిలో ఆగిపోవాలని. బస్సు అయిదు నిమిషాలు ముందే చేరింది.

అక్కది మూడో అంతస్తులో ఒకే గది, ఒక వంటిల్లు. కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన మడిచిపెట్టిన జాకెట్లు, ఒక్కోదానికీ గుండుసూదితో గుచ్చిన కొలతల చీటీ. అక్క ఎడంచేత్తో కత్తెర పట్టుకునే తలుపు తీసింది.

"రేపటిదాకా ఆగలేకపోయారా? రా, రా. ఏమే గాభరా, పిల్లని ఎవరైనా ఎత్తుకుపోతారని కొంగున కట్టుకొచ్చావా?" అని కూతురి చెంప నిమిరింది. "నీ అమ్మ పెళ్ళైన కొత్తలో ఎలా ఉండేదో తెలుసా? పిల్లి తుమ్మితే ఏడ్చేది."

కూతురు నవ్వడానికి ప్రయత్నించి, గోడవారగా కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అన్నమాట ప్రకారం నోరు కట్టేసుకుంది.

గాభరమ్మ కూర్చోలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి, కుట్టుమిషను బల్ల మీద, అక్క చేతుల ముందు పెట్టింది.

అక్క చూసింది. ముందు నవ్వు అలాగే ఉంది. తర్వాత కత్తెర కింద పెట్టింది. నల్ల అట్ట మీద ఒక మూల ఎప్పుడో వేడిగిన్నె పెట్టిన గుండ్రటి మచ్చ ఉంది. ఆ మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది పాత కాగితాలవాడు తీసుకెళ్ళలేదక్కా," అంది గాభరమ్మ. "నేను తీశాను. ఒక్క ముగ్గు చూసి ఇచ్చేద్దామని తీశాను. నువ్వు వెతుకుతున్నప్పుడు నా పెట్టెలో ఉంది. నీతో పాటు వెతికాను కదా, అప్పుడు కూడా నా పెట్టెలోనే ఉంది. నీ పేరున్న కాగితం చింపి పొయ్యిలో వేశాను. ఇన్నాళ్ళూ నా గుమ్మం ముందు వేసినవి నీవే. నా పిల్లకి కూడా నావే అని చెప్పాను. మొన్న అది అడిగితే, కాగితం చింపింది నువ్వే అని దాని మీదికి తోసేశాను."

అక్క నోటుబుక్కు తెరిచింది. మొదట్లో చింపిన కాగితం తాలూకు సన్నటి అంచు, ఎలక కొరికినట్టు, కుట్టులో ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో తడిమింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. ఒక్కో ముగ్గు దగ్గరా ఆగుతోంది. ఒకచోట ఎడంచేతి చూపుడువేలు గీత వెంట నడిచింది, మలుపులన్నీ తిరిగి, మొదలైన చోటికే వచ్చి ఆగింది. ఆ వేలికి ఇంకా దారి తెలుసు.

"ఏదో ఒకటి అనక్కా. తిట్టు. కొట్టినా సరే."

అక్క పేజీ తిప్పింది.

"నాకు అప్పట్లో అత్తయ్యంటే భయం. లోకమంటే భయం. ఇప్పుడూ భయమే అనుకో. అయినా భయమేస్తే దొంగతనం చేస్తారా ఎవరైనా? నాకు తెలుసు. నేను..." తేలు కుట్టిన దొంగ అరవకూడదంటారు. గాభరమ్మకి ఇప్పుడు అరుపు ఆగడం లేదు. "రేపు నువ్వు రాకపోయినా సరే. నన్ను రావద్దన్నా సరే. నేను ఇంట్లోనే ఉంటా. పిల్లది ఏ తప్పూ లేదు, దాన్ని ఏమీ అనకు."

చివరి పేజీల దగ్గర ఊడిన కాగితం జారి కింద పడింది. కూతురు వంగి తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత, మాటలు లేకుండానే, తను తెచ్చిన అట్టలు విప్పి అచ్చుకాగితాల్ని ఒక్కొక్కటే అక్క ముందు పరిచింది. చుక్కలు. వాటి మీద పల్చటి కాగితం, దాని మీద గీత. అక్క వేసిన ముగ్గులే, కుడివైపుకి చిన్న చిన్న తోకలతో సహా.

అక్క ఆ తోకల్ని చూసినప్పుడు ఆవిడ పెదవి కొంచెం కదిలింది. అంతే. మొదటి తెల్ల కాగితం చేతిలోకి తీసుకుంది, కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టింది, అరచేత్తో నిమిరింది. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయింది, వెళ్ళిపోయింది. అక్క తెల్ల కాగితం కింద పెట్టి మిషను వైపు తిరిగింది. సగం కుట్టిన జాకెట్టు చెయ్యిని సూది కిందకి లాగి, కుట్టడం మొదలుపెట్టింది. ఆ కుట్టు పూర్తయింది. దారం తెంపింది. ఇంకో చెయ్యి తీసుకుంది. అదీ కుట్టింది.

గాభరమ్మ కాళ్ళు లాగుతున్నాయి. అయినా కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఏళ్ళుగా ఈ ఘడియ ఎలా ఉంటుందో వెయ్యి రకాలుగా ఊహించుకుంది. అరుపులు ఊహించుకుంది, శాపాలు, మొహం మీద తలుపు వెయ్యడం, ఊరంతా తెలిసిపోవడం ఊహించుకుంది. మిషను చప్పుడు ఊహించుకోలేదు.

కూతురు తల్లి వైపు చూసి, కళ్ళతోనే అడిగింది. అసలు విషయం ఇంకా మిగిలే ఉంది.

"పుస్తకం రాత్రికి కుట్టెయ్యాలట అక్కా," అంది గాభరమ్మ. "మీద పేరు ఇంకా వెయ్యలేదు. నీ పేరు వెయ్యాలని నేనే అనేసుకున్నాను. అడక్కుండా వెయ్యడానికి వీల్లేదంది పిల్ల. అందుకే వచ్చాం. నీ ముగ్గులు అచ్చు వెయ్యనిస్తావా? వేస్తే, ఏమని వెయ్యమంటావు?"

అక్క జాకెట్టు మడిచింది. గుండుసూది నోట్లోంచి తీసి కొలతల చీటీ గుచ్చింది. ఇంకో జాకెట్టు కోసం చెయ్యి చాపి, మధ్యలో ఆపేసింది. ఊడిన కాగితాన్ని తీసుకుని నోటుబుక్కులో దాని చోట పెట్టింది. అది నిలవదని తెలిసి కూడా అంచులు సరిచేసింది. నోటుబుక్కు మూసి, బల్ల మీద తన వైపుకి లాక్కుంది.

అప్పుడు, మిషను పెట్టుకున్న గోడ వైపు చూస్తూనే, జవాబు చెప్పింది.

"గీసింది నేనని వెయ్యమను. దాచింది నువ్వని వెయ్యమను. ఏ దాచడమో ఎవరైనా అడిగితే, అక్కడ నిలబడి నువ్వే చెప్పుకో."